హెడ్ సూపర్‌షేప్ ఈ-మాగ్నమ్: చదును వాలు మీద సులువుగా తిరిగే స్కీ

కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో బీరువా పక్కన నిలబెట్టిన, మంచు మీద జారే ఈ స్కీల జతను చూసి మా వాచ్‌మన్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇవి పడవ తెడ్లా సార్?" అని. నవ్వు వచ్చింది గానీ, అతని తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో మంచు చూడాలంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌కు వెళ్లాలి. అది పిల్లలు ఆడుకునే చోటే తప్ప స్కీ తిప్పే చోటు కాదు. అందుచేత ఈ ఊళ్లో ఉంటూ సొంత స్కీలు కొనేవాడు నాలుగుసార్లు ఆలోచించి కొనాలి. నేను ఆలోచించింది మూడుసార్లే. ఆ నాలుగోసారి ఆలోచించవలసింది ఏమిటో రెండు శీతాకాలాలు వాడిన తరువాత తెలిసింది.

ఉద్యోగరీత్యా ఏడాదిన్నర మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో, శనివారం తెల్లవారుజామున రైలెక్కి గంటన్నరలో ఆల్ప్స్ కొండల్లోని గార్మిష్ చేరుకుని, సాయంత్రం దాకా అక్కడి వాలుల మీద గడిపేవాణ్ణి. నా ఎత్తు 172 సెం.మీ., బరువు 74 కిలోలు, వయసు నలభై దాటింది. నీలం గుర్తున్న తేలిక వాలుల మీద ధైర్యంగా, ఎరుపు గుర్తున్న వాటి మీద భయభక్తులతో దిగుతాను. నలుపు గుర్తు జోలికి పోను. రాత్రి యంత్రం నడిపి చదును చేసిన మంచు మీద, పొద్దున్నే కార్డురాయ్ గుడ్డ మీది చారల్లాంటి గీతలు కనిపిస్తాయి. నాకు కావలసింది ఆ గీతల మీద పెద్ద బలం పెట్టకుండా, పెద్ద వేగం లేకుండా మలుపు తిరిగే స్కీ. ఈ సమీక్షను ఆ అవసరం దృష్టితోనే చదవాలి.

స్కీ దానంతట అది ఎందుకు తిరుగుతుందో ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే దుకాణంలో బోర్డు మీద రాసే అంకెలన్నీ దాని చుట్టూనే ఉంటాయి. స్కీ ముందు భాగం వెడల్పుగా, నడుము సన్నగా, వెనుక భాగం మళ్లీ వెడల్పుగా ఉంటుంది. అంటే రెండు అంచులూ లోపలికి వంపు తిరిగి ఉంటాయి. మోకాళ్లను పక్కకు వంచి స్కీని అంచు మీద నిలబెడితే, నడుము మంచును తాకేదాకా స్కీ విల్లులా వంగుతుంది, ఆ విల్లు గీసిన చాపం వెంటే మంచును కోసుకుంటూ పోతుంది. ఈ మాగ్నమ్ ముందు వెడల్పు 131 మి.మీ., నడుము 72 మి.మీ.; 170 సెం.మీ. పొడవులో దీని మలుపు వ్యాసార్ధం 13 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ 13 అనేది స్కీ అంచుకు ఉన్న వంపు మాత్రమే. దాన్ని మంచు మీద 45 డిగ్రీలు వాలిస్తే మలుపు సుమారు 9 మీటర్లకు, 60 డిగ్రీలు వాలిస్తే ఆరున్నర మీటర్లకు బిగుసుకుంటుంది. అంత వాల్చడం నా వల్ల కాదు. నా మలుపులు ఇంకా పది మీటర్ల పైనే ఉంటాయని వెనక్కి తిరిగి నా గీతలు చూసుకున్నప్పుడల్లా తెలుస్తూనే ఉంటుంది. ఒకప్పుడు రెండు మీటర్లు దాటిన పొడవుతో, దాదాపు తిన్నని అంచులతో ఉన్న స్కీలను జారుస్తూ, తోస్తూ తిప్పవలసి వచ్చేది. స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ 1990ల మొదట్లో ఎస్‌సీఎక్స్ అనే లోతు వంపు స్కీని తెచ్చాక పరిశ్రమ మొత్తం ఆ దారి పట్టింది.

కొనే ముందు నేను పడిన తిప్పలు పొడవు దగ్గరే. ఒక అద్దె దుకాణంలో, "మీ ఎత్తుకు ఇదే సరిపోతుంది" అంటూ 177 సెం.మీ. జత చేతిలో పెట్టారు. అంచుల మీద గోరు గీస్తే గోటి పొర కూడా లేవలేదు, అంత మొద్దుబారి ఉన్నాయి. ఆ రోజు గట్టిపడిన మంచు మీద మలుపు మొదలుపెట్టడమంటే ఇరుకు సందులో లారీని వెనక్కి తిప్పినట్టే ఉంది. మధ్యాహ్నానికి తొడలు మంటలెత్తి, తప్పంతా నా ఒంటిదే అనుకుని బెంచీ మీద కూలబడ్డాను. మరో వారం మరో దుకాణంలో మాగ్నమ్‌ను 170లోనూ, 163లోనూ ఒకే రోజు మార్చి మార్చి తొక్కిన తరువాత అనుమానం తీరిపోయింది. వేగం పెరిగినప్పుడు 170 నిశ్చింతగా నిలబడుతుందన్నది నిజమే. కానీ నా వేగానికి ఆ నిశ్చింత అక్కరలేదు. అందుకని 163 తీసుకున్నాను, ఇప్పటికీ చింత లేదు.

స్కీని ఉదయం పరీక్షించకూడదని నా గట్టి అభిప్రాయం. ఉదయం కాళ్లలో సత్తువ ఉంటుంది, మంచు నున్నగా ఉంటుంది, అప్పుడు ఏ స్కీ అయినా మంచిదే అనిపిస్తుంది. సాయంత్రం మూడున్నరకు, జనం తొక్కిన మంచు చిన్న చిన్న కుప్పలుగా పేరుకుని, మోకాళ్లు మాట వినని వేళ, ఆఖరి దిగుడులో నెమ్మదిగా వెళ్తూ మలుపు తిప్పి చూడాలి. ఆ వేళ మాగ్నమ్ 163 ప్రవర్తన ఇలా ఉంది: మలుపుకు బయటి వైపు ఉండే కాలి బొటనవేలి మీదికి కాస్త బరువు దించి, చీలమండ వాల్చేసరికి ముందు భాగం మంచును పట్టుకుంటుంది, ఒక్క క్షణం ఆగితే మిగిలినదంతా దానివెంట వచ్చేస్తుంది. ఆ ఒక్క క్షణం ఓపిక పట్టకుండా భుజాలు తిప్పేస్తే మాత్రం వెనుక భాగం జారిపోయి, రైలు పట్టాల్లా పడవలసిన రెండు గీతల చోట చీపురుతో ఊడ్చినట్టు మరక మిగులుతుంది. అది స్కీ లోపం కాదు, నా అలవాటు.

లోపాలూ ఉన్నాయి. బూటును స్కీకి బిగించే బైండింగులతో కలిపి మా ఇంటి తూకంలో ఇవి ఆరు కిలోల పైనే తూగాయి. కొండపైకి చేర్చే లిఫ్టు దాకా భుజాన మోసేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. మలుపు చివర వెనక్కి ఒరిగితే వెనుక భాగం వదలదు, మనల్ని తన దారినే లాక్కుపోతుంది; అందుకే మొదటి వారం నేర్చుకుంటున్నవారికి ఇది తగదు, వారికి ఇంతకంటే మెత్తగా వంగే స్కీ ఇవ్వాలి. ఇక స్కీ అదురును విద్యుత్తుగా మార్చి అదుపు చేస్తుందని తయారీ సంస్థ హెడ్ చెప్పే ఈఎంసీ అనే అమరిక సంగతి: అది పనిచేస్తున్నదో లేదో నా పాదాలకైతే అంతుపట్టలేదు.

కుడి, ఎడమ స్కీలను వేరువేరుగా తయారుచేసే ఎలాన్ యాంఫీబియో పద్ధతిని కూడా ఒక పూట తొక్కి చూశాను. అందులో లోపలి అంచు మంచుకు గట్టిగా ఆనేలా, బయటి అంచు ముందూ వెనకా కాస్త పైకి లేచి ఉండేలా మలుస్తారు. మలుపు మొదలుపెట్టడం అందులోనే తేలిక అనిపించింది. గట్టి మంచు మీది పట్టు మాత్రం నాకు మాగ్నమ్‌లోనే ఎక్కువ నచ్చింది. మోకాళ్ల మీద నమ్మకం తక్కువున్నవారు ఎలాన్ వైపే చూడవచ్చు.

ఇప్పుడు ఆ నాలుగో ఆలోచన. తిరిగి వచ్చాక వీటిని శంషాబాద్ విమానాశ్రయంలో పొడవాటి సామాన్ల కౌంటర్లో అప్పగించి శ్రీనగర్ మీదుగా గుల్‌మార్గ్ తీసుకువెళ్లాను. అక్కడ గొండోలా అనే కేబుల్ కారు రెండో దశ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు చేరుస్తుంది. ఆ కొండకున్న పేరంతా యంత్రం తాకని లోతు మంచు వల్ల వచ్చినదే. ఆ మంచులో 72 మి.మీ. నడుము కత్తిలా దిగబడిపోతుంది. నడుము 100 మి.మీ. పైన ఉన్న స్కీల వాళ్లు తేలుతూ పోతుంటే నేను మోకాలి లోతులో నిలబడి చూశాను. కింది మైదానం వాలుల మీద మాత్రం ఇది హాయిగా తిరిగింది. చదును చేసిన వాలు ఉన్న ఉత్తరాఖండ్‌లోని ఔలీకి ఇది సరిపోతుంది. మాల్ లోపల నాలుగు వందల మీటర్ల మంచు వాలు ఉన్న స్కీ దుబాయ్‌లో కూడా పొట్టి మలుపుల స్కీదే పైచేయి, కాకపోతే అక్కడ టికెట్టుతోనే స్కీలు ఇస్తారు గనుక మోసుకుపోనక్కరలేదు.

కాబట్టి ఏడాదికి ఒక్క వారం మాత్రమే మంచు చూసే హైదరాబాదీ ముందు పాదానికి సరిపోయే బూట్లు కొనుక్కుని, స్కీలను అద్దెకు తీసుకోవాలి. అద్దె దుకాణంలో నడుము 68 నుంచి 74 మి.మీ. మధ్య, పొడవు గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉన్న జతను అడిగి, అంచు మీద గోరు గీసి చూసుకోవాలి. పడినప్పుడు బైండింగు ఎంత బలానికి బూటును వదలాలో అక్కడి టెక్నీషియన్ చేత బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చెప్పి పెట్టించుకోవాలి. ఏడాదికి రెండు మూడు వారాలు వెళ్లగలిగేవారికి మాత్రం మాగ్నమ్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

కొంటే ఒక జాగ్రత్త తప్పదు. మొదటి వానాకాలం వీటిని సంచిలోనే ఉంచేశాను. ఆగస్టులో తీస్తే ఉక్కు అంచు పొడవునా పసుపుకొమ్ముతో గీసినట్టు తుప్పు గీత. ఇప్పుడు మే నెలలోనే అంచులు తుడిచి, పాత ఇస్త్రీపెట్టెతో అడుగు భాగానికీ అంచులకూ మైనం దట్టంగా కరిగించి పోసి, గీకకుండా అలాగే వదిలేస్తున్నాను. మంచు మీదికి వెళ్లే ముందు రోజు దాన్ని గీకేస్తే చాలు. ఆ ఇస్త్రీపెట్టెను మళ్లీ బట్టల మీద పెట్టడానికి మా ఇంట్లో ఒప్పుకోరు.