పదహారు పోర్టుల స్విచ్ ఒకటా, ఎనిమిదివి రెండా?

ఇంట్లో పది, పన్నెండు కంప్యూటర్లు కలిపి గేమ్ ఆడాలంటే రౌటర్ వెనకుండే, కంప్యూటర్ల కేబుళ్లు పెట్టే నాలుగు లాన్ పోర్టులు చాలవు. వైఫై మీద అంతమంది ఆడితే పింగ్, అంటే డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, నిలకడగా ఉండదు. కేబులే వేయండి. తేల్చుకోవాల్సింది స్విచ్ సంగతి, అంటే చాలా కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె సంగతి.

పదహారు పోర్టులదైతే రౌటర్‌కు ఒకటి పోగా 15 కంప్యూటర్లు పెట్టుకోవచ్చు. ఎనిమిదివి రెండైతే మధ్య కేబుల్‌కు రెండు, రౌటర్‌కు ఒకటి పోయి 13 మిగులుతాయి. ఆటలో తేడా తెలియదు, గేమ్ పంపే డేటా చాలా తక్కువ. తెలిసేది కాపీ చేసేటప్పుడే. 50 జీబీ గేమ్ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం మీద ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తుంది. అదే నలుగురు అవతలి స్విచ్ నుంచి ఒకేసారి లాగితే, అందరికీ దారి ఆ మధ్య కేబులొక్కటే కాబట్టి, అరగంట పడుతుంది.

అయినా రెండు గదుల్లో కూర్చుంటే రెండు స్విచ్‌లే మేలు, గడప దాటే కేబుల్ ఒక్కటే ఉంటుంది. అందరూ హాల్లోనే ఉంటే పదహారుదే కొనండి.

రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున రెండో కేబుల్ గుచ్చారా, లూప్ పడి, అంటే డేటా అక్కడక్కడే తిరుగుతూ, మామూలు స్విచ్‌ల్లో నెట్‌వర్క్ మొత్తం ఆగిపోతుంది. లైట్లన్నీ ఒకేసారి గబగబా కొట్టుకుంటుంటే ముందు అదే చూడండి. గిగాబిట్ బదులు 100 ఎంబీపీఎస్ చూపిస్తే చాలాసార్లు కేబుల్‌లోని నాలుగు జతల్లో ఏదో తెగినట్టే, కేబుల్ మార్చండి. పాత రౌటర్‌ను రెండో స్విచ్‌గా వాడితే దాని డీహెచ్‌సీపీని (కంప్యూటర్లకు ఐపీ అడ్రసులిచ్చే ఏర్పాటును) ఆపేసి, కేబుల్‌ను ఇంటర్నెట్ కోసం ఉండే వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి.