గెలాక్సీల నడిబొడ్డున కృష్ణ పదార్థం: ఏ నమూనా మేలు?

1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ భ్రమణాన్ని కొలిచి చూస్తే, కేంద్రానికి దూరమయ్యేకొద్దీ తగ్గవలసిన వేగం తగ్గలేదు. కంటికి కనిపించని పదార్థం, అంటే కృష్ణ పదార్థం, అక్కడ ఉండాలన్న వాదనకు ఆ కొలతలు బలమిచ్చాయి. ఆ పదార్థం స్వభావం ఏమిటన్న దగ్గరే నమూనాలు వేరుపడతాయి.

శీతల కృష్ణ పదార్థ నమూనాలో కణాలు గురుత్వాకర్షణకు తప్ప వేటికీ స్పందించవు. విశ్వపు తొలి వికిరణాన్ని, గెలాక్సీల విస్తృత అల్లికను ఇది చక్కగా వివరిస్తుంది. అయితే దీని ప్రకారం, కేంద్రానికి దూరం సగమైతే అక్కడి సాంద్రత దాదాపు రెట్టింపు కావాలి. చాలా మరుగుజ్జు గెలాక్సీలలో మాత్రం నడిమి సాంద్రత ఇంచుమించు సమతలంగా కనిపిస్తోంది. సూపర్‌నోవాలు, అంటే నక్షత్రాల పేలుళ్లు, వాయువును పదేపదే బయటికి నెట్టడం వల్ల కేంద్రం పలచబడుతుందన్న సమాధానం సబబైనదే, కానీ నక్షత్రాలు మరీ తక్కువగా ఉన్న చోట ఆ శక్తి చాలదు.

2000లో భౌతిక శాస్త్రవేత్తలు స్పెర్గెల్, స్టైన్‌హార్ట్ ప్రతిపాదించిన రెండో నమూనాలో కృష్ణ పదార్థ కణాలు పరస్పరం ఢీకొంటాయి. మొదట ఉష్ణం బయటి నుంచి లోపలికి ప్రవహించి కేంద్రాన్ని పలచబరుస్తుంది. ఆ తర్వాత ప్రవాహం ఎదురు తిరుగుతుంది. అసలు విశేషం ఇక్కడే ఉంది. పలుచని గాలి రాపిడికి శక్తి కోల్పోయిన కృత్రిమ ఉపగ్రహం కిందికి దిగుతూ ఇంకా వేగం పుంజుకున్నట్టే, గురుత్వంతో కట్టుబడిన కేంద్రం ఉష్ణాన్ని కోల్పోయేకొద్దీ కుంచించుకుపోయి మరింత వేడెక్కుతుంది, దానితో ఇంకా ఎక్కువ ఉష్ణాన్ని బయటికి పంపుతుంది. నక్షత్ర గుచ్ఛాలకు సంబంధించి ఈ పతనాన్ని లిండెన్-బెల్, వుడ్ 1968లోనే వివరించారు. ఒకే నియమం నుంచి సమతల కేంద్రమూ, అతిసాంద్ర కేంద్రమూ పుట్టుకురావడం నన్ను బలంగా ఆకర్షిస్తుంది.

దీనికీ మూల్యం ఉంది. బుల్లెట్ గెలాక్సీ గుచ్ఛంలో ఢీకొన్న రెండు గుచ్ఛాల కృష్ణ పదార్థం పెద్దగా చెదరకుండా ఒకదానిలోంచి ఒకటి సాగిపోయింది కనుక, అక్కడి వేగాల వద్ద అభిఘాత వైశాల్యం (కణాలు ఒకదాన్నొకటి ఢీకొనే అవకాశానికి కొలత) గ్రాముకు సుమారు 1 చదరపు సెంటీమీటరును మించకూడదు. మరుగుజ్జు గెలాక్సీలలో పతనం సకాలంలో జరగాలంటే తక్కువ వేగాల వద్ద అది ఇంతకన్నా బాగా ఎక్కువ ఉండాలి. అంటే నమూనాకు మరొక సవరణ తగిలించాలి.

విశ్వ స్థాయిలో శీతల నమూనానే ఎంచుకుంటాను. మరుగుజ్జు గెలాక్సీల వైవిధ్యం విషయంలో మాత్రం నా మొగ్గు రెండోదానివైపే. నక్షత్రాలు దాదాపు లేని, అతిసాంద్రమైన చిన్న ముద్దలు గురుత్వ కటక పరిశీలనల్లో (వెనక నుంచి వచ్చే కాంతిని ద్రవ్యరాశి ఎలా వంచుతుందో చూసే పద్ధతిలో) తరచుగా బయటపడితే, ఈ మొగ్గుకు గట్టి ఆధారం దొరికినట్టే.