స్నేహితుడి కుక్క మన ఇంట్లో నష్టం చేస్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఏ పద్ధతి మేలు?

"తిరుపతి వెళ్తున్నాం, నాలుగు రోజులు మావాణ్ణి కాస్త చూసుకోరా" అని స్నేహితుడు కుక్క గొలుసు చేతిలో పెడితే కాదనేవాళ్లు మన గోదావరి జిల్లాల్లో తక్కువ. రైల్లో కుక్కను తీసుకెళ్లాలంటే ఫస్ట్ క్లాసు కూపే అయినా దొరకాలి, లేదా గార్డు పెట్టెలో డబ్బాలో అయినా వెయ్యాలి. అంత ఖర్చు, అంత హింస ఎందుకని పక్క వీధిలో స్నేహితుడికి అప్పగించి వెళ్తారు. ఆ నాలుగు రోజుల్లో కుక్క ఏదైనా పాడుచేస్తేనో, కుక్కకే ఏదైనా అయితేనో ఆ డబ్బు ఎవరిదన్న మాట వస్తుంది. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లు కూడా అక్కడే ముభావంగా మారిపోతారు.

ఇలాంటప్పుడు మన దగ్గర మామూలుగా నడిచే దారులు మూడు. చూసుకున్నవాళ్లే గమ్మున భరించడం, చెరి సగం వేసుకోవడం, కుక్క ఎవరిదో వాళ్లే మొత్తం పెట్టుకోవడం. నా మాట ముందే చెప్పేస్తాను: డబ్బు తీసుకోకుండా చూసుకుంటున్నప్పుడు ఆ ఖర్చు కుక్క యజమానిదే. ముందే చెప్పిన జాగ్రత్తను చూసుకునేవాళ్లు పట్టించుకోకపోయినా, ఎవరికైనా తట్టే జాగ్రత్త తీసుకోకపోయినా అప్పుడు మాత్రం లెక్క మారుతుంది.

మొదటి దారి, అంటే గమ్మున భరించడం, చూడటానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది. దీని అసలు ధర ఎంతో చూడాలంటే నరసాపురం లేసు బల్ల గుడ్డ ఒకటి ఊహించుకోండి. ఆడవాళ్లు ఇంటి పనులయ్యాక అరుగు మీద కూర్చుని, లేసు సూదితో రోజుల తరబడి అల్లినది. లాబ్రడార్ పిల్ల దాని అంచు పట్టుకుని లాగితే చిరుగు ఒక్కచోట ఆగదు. మధ్య పువ్వు దగ్గర దారం తెగితే చుట్టూ ఉన్న గొలుసు కుట్లు ఒకదాని వెనక ఒకటి జారిపోతూ వస్తాయి. చెయ్యి తిరిగిన మనిషి దొరికితే ఆ భాగం విప్పి మళ్లీ అల్లుతుంది, కానీ పాత దారం రంగు, కొత్త దారం రంగు కలవవు. యజమాని వచ్చి "అయ్యో వదినా, ఎంత పనిచేశాడు!" అంటాడు. ఈవిడ "పోనీలెండి, నోరులేని జీవం" అంటుంది. మాట అక్కడితో అయిపోయిందని అతను అనుకుంటాడు. మరుసటి ఏడు మళ్లీ అడిగితే "మేమూ ఊళ్లో ఉండటం లేదండీ" అన్న జవాబు వస్తుంది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. చాలా ఇళ్లలో కుక్కను తెచ్చుకుంటామని మాట ఇచ్చేది మగవాడు. దానికి అన్నం కలిపేది, తెల్లవారుజామున గేటు తీసి బయటికి తీసుకెళ్లేది, చివరికి వస్తువు పోగొట్టుకునేది ఇల్లాలు. తన స్నేహం కోసం ఆయన "పర్లేదురా" అనేస్తే నష్టం ఆవిడ లెక్కలో పడుతుంది. వస్తువు ఎవరిదో, వదిలెయ్యాలా వద్దా అన్నది వాళ్లే చెప్పాలి.

చెరి సగం అన్నది వినడానికి న్యాయంగా ఉంటుంది కాబట్టి పెద్దలు తగువు తీర్చేటప్పుడు దానివైపే మొగ్గుతారు. పల్లెల్లో దూడను పెంచమని ఇంకొకరికి ఇచ్చి, ఎదిగాక వచ్చిన ధరను సగం సగం పంచుకునే ఏర్పాటు ఉంది. అక్కడ లాభంలో వాటా ఉంది కాబట్టి నష్టంలోనూ వాటా ఉండటం సబబు. స్నేహితుడి కుక్కను చూసుకున్నవాళ్లకు ఏ లాభంలో వాటా ఉంది? సాయం చేసినందుకు సగం జరిమానా కట్టమన్నట్టే. ఇద్దరి పొరపాటూ కలిసినచోట, ఉదాహరణకు గడియ సరిగ్గా పడని గేటు వీళ్లది, గేటు దూకే అలవాటున్న కుక్క వాళ్లది అయితే, అక్కడ మాత్రం సగం సరిపోతుంది.

ఇక మూడో దారి. ఇది నా సొంత అభిప్రాయమే కాదు, మన చట్టం పోకడా ఇదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఒకరి వస్తువును ఇంకొకరికి అప్పగించి తిరిగి తీసుకునే వ్యవహారాన్ని బెయిల్‌మెంట్ అంటారు. పశువులూ ఇందులోకి వస్తాయి. 163వ సెక్షన్ కింద చట్టం ఇచ్చిన ఉదాహరణే ఆవు: చూసుకోమని అప్పగించిన ఆవు ఈనితే దూడను కూడా యజమానికి తిరిగి ఇవ్వాలి. పెరిగింది యజమానికి చెందుతుందన్నప్పుడు ఖర్చు కూడా యజమానికే చెందడం ధర్మం. అదే మాట 158వ సెక్షన్ చెబుతుంది. ప్రతిఫలం లేకుండా చూసుకునేవాళ్లు పెట్టిన అవసరమైన ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలి. అర్ధరాత్రి వాంతులైతే ఆటో కట్టించుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తిన ఖర్చు ఇందులోదే.

చూసుకునేవాళ్ల వైపు బాధ్యత 151వ సెక్షన్‌లో ఉంది. మామూలు తెలివిగల మనిషి తన సొంత వస్తువును ఎలా కాపాడుకుంటాడో అంత జాగ్రత్త చాలు. అంత జాగ్రత్త పడ్డాక కూడా కుక్కకు ఏదైనా అయితే, వేరే ఒప్పందం లేనంతవరకు, వాళ్లను తప్పుపట్టలేమని 152 అంటుంది. అన్నిటికన్నా నాకు గట్టిగా నచ్చేది 150. అప్పగించే వస్తువులో చూసుకునేవాళ్లకు ప్రమాదం తెచ్చే లోపం తనకు తెలిసీ యజమాని చెప్పకపోతే, దానివల్ల నేరుగా కలిగిన నష్టం యజమానిదే. టపాకాయ పేలితే తలుపులు గోకేస్తుందని తెలుసు, అయినా దీపావళి ముందు రోజు చెప్పకుండా వదిలి వెళ్లారనుకోండి. గుమ్మానికి ఉన్న దోమల జాలీ చిరిగితే ఆ ఖర్చు గురించి రెండో మాట ఉండకూడదు.

డెల్టాలో ఈ జాగ్రత్త అన్న మాటకు ఒక పెద్ద పరీక్ష ఉంది: ఎలుకల మందు. వరి చేలకు ఎలుకల బెడద మామూలే కాబట్టి గట్ల మీద బ్రోమాడియోలోన్ కలిపిన నూక ఎరగా పెడతారు. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. తిన్న రోజు కుక్క హుషారుగానే ఉంటుంది. మూడు నాలుగు రోజుల తర్వాత నీరసం, తెల్లబడ్డ చిగుళ్లు, ముక్కులోంచి రక్తం కనిపిస్తాయి. అప్పటికి యజమాని వచ్చి కుక్కను తీసుకెళ్లిపోయి ఉంటాడు. "మీ ఇంట్లోనే తినుంటుంది", "మా ఇంట్లో అంతా బాగానే ఉంది" అని మాటలు మొదలవుతాయి. వైద్యం విటమిన్ కె1తో వారాలపాటు సాగొచ్చు, ఖర్చు తక్కువేం కాదు. ఇక్కడ న్యాయం ఎటు? మన ఇంటి ధాన్యం బస్తాల పక్కన మనమే పెట్టిన ఎరను కుక్కకు అందేలా వదిలేస్తే అది మన తప్పు, ఖర్చు మనమే పెట్టుకోవాలి. గొలుసుతో షికారుకు తీసుకెళ్తుంటే ఎవరిదో గట్టు మీద నోరు పెట్టేస్తే అది ప్రమాదం. రెండిట్లోనూ ఒకటి మాత్రం తప్పనిసరి: అనుమానం వచ్చిన క్షణమే యజమానికి ఫోన్ చేసి, డాక్టరుకు చూపించాలి. తిట్లు పడతాయని దాచిపెడితే కుక్క ప్రాణానికే ముప్పు.

బయటివాళ్లకు నష్టం జరిగితే మూడో దారిలోనూ చిక్కుంది. సంక్రాంతి ముందు మన కుక్క, అదే స్నేహితుడి కుక్క, పక్కింటి పందెం కోడిని పట్టేసిందనుకుందాం. బాదం, జీడిపప్పు, కైమా పెట్టి పెంచిన డేగ రకం పుంజు. వాళ్లు అడిగేది కోడి కొన్న ధర ఒక్కటే కాదు, "బరిలో దిగితే ఇంత తెచ్చేది" అన్న లెక్క కూడా. కోడి ధర, దాని మేత ఖర్చు ఇవ్వడం న్యాయం. పందెం డబ్బు మాత్రం ఇవ్వక్కర్లేదు. కోడి పందేలే చట్టవిరుద్ధం, పైగా పందెం ఒప్పందాలు చెల్లవని అదే కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. అయితే పక్కింటివాళ్లు వచ్చి నిలబడేది మన గుమ్మంలో, యజమాని తిరుపతి కొండ మీద ఉంటాడు. ముందు మనం సర్దుబాటు చేసి, తర్వాత అతని దగ్గర తీసుకోవాల్సి వస్తుంది.

కుక్క ఎవరినైనా కరిస్తే డబ్బు మాట తర్వాత. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. జంతువును జాగ్రత్తగా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అది ఎవరి దగ్గర ఉందో వాళ్లనే చట్టం చూస్తుంది. అందుకే రేబిస్ టీకాల కార్డు ఇవ్వకుండా కుక్కను అప్పగిస్తే, ఎంత దగ్గరివాళ్లయినా, తీసుకోవద్దంటాను.

డబ్బిచ్చి బోర్డింగ్‌లో వదలడం ఎప్పుడు మేలంటే, కుక్క కరిచే రకమైనా, ముసలిదై రోజూ మందులు కావాల్సినదైనా. అక్కడ సంతకం పెట్టించుకునే కాగితంలో బాధ్యత ఎవరిదని రాశారో పూర్తిగా చదవండి. మిగతా కుక్కలకు స్నేహితుడి ఇల్లే నయం.

అప్పగించే ముందు వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసుకోవడానికి మొహమాటం దేనికి? "వీడు చెప్పులు కొరుకుతాడు, టపాకాయలకు భయపడతాడు, కోళ్లను చూస్తే ఆగడు. రోడ్డు మీద గొలుసు విప్పకు. ఏం పాడుచేసినా బాగుచేయించే ఖర్చు నాది. డాక్టరు నంబరు ఇది, నన్ను అడక్కుండానే చూపించెయ్." అలా పంపించి, డాక్టరు ఖర్చుకు మూడు నాలుగు వేలు ముందే వాళ్ల చేతిలో పెట్టండి. ఏమీ కాకపోతే తిరిగి వచ్చే డబ్బే. పాత వస్తువైతే బాగుచేయించే ఖర్చు, బాగుచేయడం కుదరకపోతే ఆ వస్తువుకు ఇవాళ ఉన్న ధర. కొత్తది కొనివ్వమని అడగడం, "అది ఎప్పటిదో కదా" అని తేలిక చెయ్యడం రెండూ వద్దు.