విజయనగరంలో లాసెట్ కోచింగ్: పాఠాలు బాగున్నాయి, మెటీరియల్ మార్చాలి

కోట దగ్గర మేడ మీద నడిచే ఈ లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) కోచింగ్‌లో మా చెల్లితో పాటు నేనూ చేరాను. సెక్షన్లు బట్టీ పట్టిస్తారేమో అనుకుంటే, సార్ ముందు అసలు ఈ చట్టాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పారు, నాకు అదే బాగా నచ్చింది. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ పంపిన జడ్జీలు ఊరూరా తిరిగి ఇచ్చిన తీర్పుల నుంచి కామన్ లా ఎలా పెరిగిందో, పై కోర్టు తీర్పుకు కింది కోర్టు ఎందుకు కట్టుబడాలో ఓపిగ్గా వివరించారు. సివిల్‌కీ క్రిమినల్‌కీ తేడా అయితే ఒక్క పొలం గట్టు తగాదాతో తేల్చేశారు: గట్టు ఎవరిదన్నది సివిల్, ఆ గొడవలో కర్రతో కొడితే క్రిమినల్. ఇక మర్చిపోవడం ఉండదు.

మన వైపు సంగతులు కూడా వదల్లేదు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్‌నే గవర్నర్ ఏజెంటుగా పెట్టారని చెప్పేసరికి పార్వతీపురం వైపు పిల్లలు ఆపకుండా ప్రశ్నలు అడిగారు.

2024 జులై 1 నుంచి నేరాలకు శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా, వీళ్లిచ్చే మెటీరియల్‌లో ఇంకా పాత సెక్షన్ నంబర్లే ఉన్నాయి. పిల్లలు పరీక్షలో నష్టపోతారు, ఇది మాత్రం వెంటనే మార్చాలి. ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చు, ఉద్యోగం చేసేవాళ్లకి సాయంత్రం బ్యాచ్ ఉంది.