సిడ్నీ వోక్లూజ్‌లో అమ్మతో ఒక రోజు

2019 మార్చిలో సిడ్నీ వెళ్లినప్పుడు, ఒక రోజంతా వోక్లూజ్‌లో గడుపుదామని నేను అనగానే, వెస్ట్‌మీడ్‌లో ఉండే మా మేనమామ కొడుకు "అక్కడ కోటీశ్వరుల ఇళ్లు తప్ప ఏముంది బావా?" అని అడిగాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆస్ట్రేలియాలో అత్యంత ఖరీదైన నివాస ప్రాంతాలలో అది ఒకటి. అయితే అంత ఖరీదైన చోట హార్బర్ అంచున ఉన్న నేలలో చెప్పుకోదగ్గ భాగం నేటికీ ప్రజలదిగానే మిగిలి ఉందని తెలిసి, అది ఎలా సాధ్యమైందో కళ్లారా చూడాలనిపించింది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా వస్తానన్నది.

వెస్ట్‌మీడ్ నుంచి రైలులో నగరం నడిబొడ్డుకు చేరుకొని, అక్కడ 325 నంబరు బస్సు ఎక్కాము. 1960 వరకు ఈ వైపు ట్రాములు నడిచేవట. రోజ్ బే దాటిన తరువాత ఎత్తైన ప్రహరీలు, దట్టంగా కత్తిరించిన చెట్ల కంచెలు, వాటి సందుల్లో క్షణకాలం మెరిసి మాయమయ్యే నీలి నీరు తప్ప మరేమీ కనిపించవు. దుకాణాలు చాలా తక్కువ కనుక మంచినీళ్లు, తినుబండారాలు వెంట తీసుకువెళ్లడమే మంచిది. మేము పులిహోర కట్టుకొని వెళ్లాము.

ముందుగా వోక్లూజ్ హౌస్ చూశాము. ఒక ధనిక యువతిని అపహరించిన నేరానికి ఐర్లాండ్ నుంచి ద్వీపాంతర శిక్షపై వచ్చిన సర్ హెన్రీ బ్రౌన్ హేయ్స్ 1803లో ఈ స్థలం కొని, దీనికి ఆ పేరు పెట్టాడు. పాములు రాకుండా ఉండేందుకు ఐర్లాండ్ మట్టి తెప్పించి ఇంటి చుట్టూ పోయించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. 1827లో దీనిని కొన్న విలియం చార్లెస్ వెంట్‌వర్త్ 1813లో సిడ్నీకి పడమరనున్న బ్లూ మౌంటెన్స్ పర్వతాలను దాటిన ముగ్గురు అన్వేషకులలో ఒకడు. ఆయన తల్లి కూడా శిక్షపై ఓడలో వచ్చిన ఖైదీయే. భార్య సారా తల్లిదండ్రులదీ అదే చరిత్ర. పెళ్లికి ముందే పిల్లలు పుట్టారన్న కారణంతో ఊరి పెద్దింటి స్త్రీలు సారాను గడప తొక్కనివ్వలేదు. అటువంటి కుటుంబానికి చెందిన వెంట్‌వర్త్, 1853లో సిడ్నీ రాజధానిగా ఉన్న న్యూ సౌత్ వేల్స్ అనే బ్రిటిష్ వలస రాజ్యాంగ రచనకు నాయకత్వం వహిస్తూ, వంశపారంపర్య ప్రభువుల సభ కావాలని ప్రతిపాదించాడు. ఆదివాసీ గాథలలో చిత్తడి నేలల్లో తిరిగే బన్యిప్ అనే వింత జంతువును గుర్తు చేస్తూ, డేనియల్ డెనీహీ అనే యువ వక్త ఆ ప్రతిపాదనను 'బన్యిప్ ప్రభువర్గం' అని ఎద్దేవా చేయగా, అది వీగిపోయింది. ఇదంతా చదువుకొని వెళ్లిన నన్ను అక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న విషయం, కోట బురుజుల వంటి అలంకారాలున్న ఆ భవనానికి సింహద్వారం లేకపోవడం. నిర్మాణం పూర్తి కాకుండానే ఆగిపోయింది. "ఇంత ఇల్లు కట్టి గుమ్మం పెట్టలేదా!" అని అమ్మ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయింది. 1915 నుంచి మ్యూజియంగా ఉన్న ఈ ఇంట్లో ఒక్కొక్క గది గురించి ఓపికగా వివరించే సిబ్బంది ఉన్నారు. టికెట్టుకు పెట్టిన డబ్బుకు పూర్తి విలువ దక్కింది.

అక్కడికి దగ్గరలోనే నీల్సన్ పార్క్ ఉంది. బిర్రబిర్రగల్ అనే ఆదివాసీ ప్రజల నేల అయిన ఈ తీరం వెంట్‌వర్త్ వంటి వారి ఎస్టేట్లలో కలిసి, తరువాత ప్లాట్లుగా ముక్కలవుతున్న కాలంలో, హార్బర్ ఒడ్డు అందరికీ చెందాలని నగరవాసులు కమిటీగా ఏర్పడి ఆందోళన చేశారు. దాని ఫలితంగా 1911లో ప్రభుత్వం ఈ భూమిని ప్రజల కోసం తీసుకున్నది. అప్పటి భూముల శాఖ మంత్రి పేరే పార్కుకు పెట్టారు. సమీపంలోని స్ట్రిక్లాండ్ హౌస్ అయితే 1850లలో ఒక సంపన్నుడి కోసం కట్టిన భవనం. 1915 నుంచి దశాబ్దాల పాటు అది రోగుల విశ్రాంతి గృహంగా పనిచేసింది. అంత ఖరీదైన వాలుపై, సముద్రపు గాలి తగిలే చోట, సామాన్య స్త్రీలు జబ్బు నుంచి కోలుకున్నారన్న సంగతి నన్ను కదిలించింది.

నీల్సన్ పార్క్ నుంచి రోజ్ బే వైపు సుమారు 1.8 కిలోమీటర్ల హర్మిటేజ్ కాలిబాట ఉంది. ఒక పక్క భవంతుల తోట గోడలు, మరొక పక్క అలలు. దారిలో మెట్లు ఉన్నందున పెద్దవాళ్లకు, చక్రాల కుర్చీ వాడేవారికి ఇది అనుకూలం కాదు. మేము మిల్క్ బీచ్ వరకు ఆగి ఆగి నడిచాము. ఇసుకరాయి బండ మీద కూర్చొని పులిహోర తింటుంటే, దూరంగా హార్బర్ వంతెన, ఓపెరా హౌస్ ఒకే చూపులో ఇమిడిపోయాయి. బండ పగుళ్లలోని నీటి గుంటలో వేలి గోరంత నత్తలు కదలడం అమ్మ నాకు చూపించింది. మా వెనుక గోడకు అవతల ఉన్న వారు కోట్లు పోసి కొన్న దృశ్యం కూడా ఇదే.

బస విషయంలో నా అనుభవం బాగాలేదు. ఈ చుట్టుపక్కల ఒక రాత్రి ఉందామని, 'హార్బర్ కనిపించే గది' అన్న ప్రకటన చూసి ముందే డబ్బు చెల్లించాము. తీరా వెళితే, బాల్కనీ చివర మెడ చాచి చూస్తే రెండు మేడల మధ్య చారెడు నీరు కనిపించింది. లిఫ్టు లేదన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. అమ్మ మూడు అంతస్తులు ఎక్కవలసి వచ్చింది. ఇక్కడ బస కోసం ఎక్కువ ఖర్చు పెట్టవద్దనే చెబుతాను. రైలు స్టేషన్‌కు దగ్గరగా ఎక్కడ ఉన్నా, ఒక పగటిపూట ఈ ప్రాంతం చూడటానికి సరిపోతుంది.

మరునాడు పక్కనే ఉన్న వాట్సన్స్ బే వెళ్లి, అమ్మను చెట్టు నీడన కూర్చోబెట్టి, కొండ అంచు దారిన మెక్వారీ దీపస్తంభం దాకా నేనొక్కడినే నడిచాను. ఫోర్జరీ నేరంపై వచ్చిన ఖైదీ ఫ్రాన్సిస్ గ్రీన్‌వే రూపకల్పనలో 1818లో వెలిగిన మొదటి స్తంభం మెత్తని రాయి వల్ల శిథిలం కాగా, దాదాపు అదే రూపంలో 1883లో కట్టిన స్తంభం ఇప్పుడు ఉంది. ఆ పాత స్తంభం మీద దీపం వెలుగుతుండగానే 1857 ఆగస్టు రాత్రి డన్‌బార్ అనే ఓడ ఈ కొండలకు కొట్టుకొని 121 మంది మరణించారు, బతికినవాడు ఒక్కడే.

తిరుగు ప్రయాణం ఫెర్రీలో చేశాము. బస్సు కంటే అదే మేలు, ఎందుకంటే రోడ్డు మీద గోడలు దాచిన ఊరంతా నీటి మీదికి విప్పుకొని కనిపిస్తుంది. రేవులో వేళలు ముందే చూసుకోవాలి. సాయంత్రాలు పడవకూ పడవకూ మధ్య ఎడం ఎక్కువ. అమ్మ కమ్మీ పట్టుకొని నిలబడి, నిన్న మేము కూర్చున్న బండ ఎక్కడుందో వెతుకుతూనే ఉన్నది.