స్పార్క్ టెస్టర్: మొండికేసిన పాత బోటు ఇంజిన్ దగ్గర నాకు దారి చూపింది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ బోటు ఇంజిన్ మూడు రోజులు ఉలకలేదు, పలకలేదు. తాడు లాగి లాగి భుజాలు పట్టేశాయి. అప్పుడు తెచ్చుకున్నదే ఈ స్పార్క్ టెస్టర్.

ప్లగ్గుకీ దాని క్యాపుకీ మధ్య తగిలించి తాడు లాగితే, స్పార్క్ వచ్చినప్పుడల్లా లోపలి చిన్న దీపం మినుక్కుమంటుంది. ప్లగ్గు విప్పి బయట నిప్పురవ్వ పుట్టించే పని లేదు. పెట్రోలు ఆవిరి ఉండే చోట అది ఎంత నిశ్చింతో!

మొదట రెండు సిలిండర్లకీ దీపం వెలగలేదు. రెండూ ఒకేసారి పోయాయంటే స్పార్క్ పుట్టించే కాయిల్స్ కంటే ముందు, స్పార్క్ ఆపి ఇంజిన్‌ని ఆర్పే కిల్ స్విచ్‌ని అనుమానించాలి. దాని వైరు విడదీసి లాగాను, వెలిగింది. స్విచ్ లోపలంతా తుప్పే. ఒక్క జాగ్రత్త: ఆ వైరు తీసి ఉండగా ఇంజిన్ అందుకుంటే స్విచ్‌తో ఆగదు, గాలిని అడ్డుకునే చోక్ మూసి ఆపాలి.

స్విచ్ మార్చినా స్టార్ట్ కాలేదు. ఇక ఇంధనం సంగతి టెస్టర్ చెప్పలేదు కదా, నేనే వెతికాను. ఇంజిన్‌కి పెట్రోలు పంపే చేతి పంపు, అంటే ప్రైమర్ బల్బు, ఎంత నొక్కినా గట్టిపడటం లేదు. పైపు అతుకు దగ్గర గాలి పీలుస్తోంది. క్లిప్పు మార్చి, కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల్లో (జెట్లలో) పేరుకున్న జిగురు కడిగి, ఆయిల్ కలిపిన తాజా పెట్రోలు పోశాక రెండో లాగుకే అందుకుంది.

ఎండలో మాత్రం దీపం సరిగా కనిపించదు, చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. స్పార్క్ బలహీనంగా ఉందో లేదో కూడా తేల్చి చెప్పదు. అయినా నాలుగు నక్షత్రాలు ఇస్తాను.