ప్రాజెక్ట్ జాంబాయిడ్‌లో చలికాలం: పదకొండు వందల గంటలు ఆడాక నా మాట

ప్రాజెక్ట్ జాంబాయిడ్ అంటే జాంబీల మధ్య వీలైనన్నాళ్లు బతకాల్సిన కంప్యూటర్ ఆట, ఇందులో నేను చావని చావు లేదు. పగిలిన కిటికీలోంచి దూరబోయి గాజు గుచ్చుకుని చచ్చాను, అలారం ఉన్న ఇంటి తలుపు తీసి వీధి మొత్తాన్ని మీదికి తెచ్చుకున్నాను, మైక్రోవేవ్‌లో ఇనుప వస్తువు పెట్టి కొంపకి నిప్పంటించుకున్నాను. కానీ ఇప్పటికీ తల్చుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చే చావు ఒకటుంది, అది చెమట పట్టి చచ్చిన చావు.

జనవరి. నేలంతా తెల్లగా ఉంది. ఒంటి మీద స్వెటర్, దాని మీద ప్యాడెడ్ జాకెట్, తలకి ఉన్ని టోపీ, చేతులకి గ్లోవ్స్, ఇక చలి నన్నేం చేస్తుందిలే అన్న ధీమాతో గొడ్డలి పట్టుకుని చెట్లు నరకడానికి వెళ్లాను. నరికేకొద్దీ క్యారెక్టర్ ఒళ్లు వేడెక్కింది, చెమట పట్టింది, లోపలి బట్టలు తడిసిపోయాయి. నేను చూసుకోలేదు. పని ఆపి, దుంగలు లెక్కపెట్టుకుంటూ కాసేపు నిలబడ్డాను. ఈలోపు గాలి మొదలైంది. తడి బట్టలకి చల్లగాలి తోడైతే ఏమవుతుందో ఆట చాలా ఓపిగ్గా, ఒక్కో మెట్టుగా చూపించింది. మొదట వణుకు, తర్వాత నడక మందగించడం, తర్వాత గొడ్డలి ఎత్తడానికే యుగం పట్టడం. మామూలుగా అయితే టీ తాగుతూ కొట్టిపారేసే మూడంటే మూడు జాంబీలు వచ్చి నా కథ ముగించాయి.

ఆ రోజు నుంచి ఈ ఆటలో నాకు చలికాలమంటే పిచ్చి. ఇక్కడ రాసేదంతా ముఖ్యంగా 2021 డిసెంబర్‌లో స్థిరపడిన బిల్డ్ 41 (ఆట వెర్షన్) గురించే, నా గంటల్లో ఎక్కువ దానిమీదే గడిచాయి. బిల్డ్ 42 కూడా ఆడుతున్నాను, దాని సంగతి మధ్యలో వస్తుంది.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. ఆట జరిగేది అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో. మల్‌డ్రా, వెస్ట్ పాయింట్, లూయివిల్ లాంటి నిజమైన ఊళ్లకి రోజ్‌వుడ్, రివర్‌సైడ్ లాంటి కల్పిత ఊళ్లు కలిపి మ్యాప్ చేశారు. ఏమీ మార్చకుండా మొదలుపెడితే తేదీ 1993 జూలై 9. అంటే మండే ఎండాకాలం. ఆటలో ఒక రోజు మన గడియారంలో ఒక గంట కాబట్టి, డిసెంబర్ ఒకటో తేదీ చూడాలంటే నూట నలభై అయిదు రోజులు బతకాలి. నిద్రపోయినప్పుడు టైమ్ పరిగెత్తించినా, మంచు మొహం చూడాలంటే ఒకే క్యారెక్టర్‌తో వంద గంటలకి అటూ ఇటూ ఆడాలన్నమాట. మొదలవగానే 'నువ్వెలా చచ్చావో ఇదీ కథ' అని చెప్పి మరీ మొదలయ్యే ఆటలో వంద గంటలు! చాలామంది ఈ ఆటలో మంచు పడుతుందని తెలియకుండానే వందసార్లు చచ్చి మానేసి ఉంటారని నా అనుమానం. నేనే మొదటి రెండు వందల గంటల్లో ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు గొప్పతనం మాత్రం ఆ దూరంలోనే ఉంది. చాలా సర్వైవల్ గేముల్లో మంచు అనేది ఒక చోటు. సెవెన్ డేస్ టు డై తీసుకోండి, నాకు అదీ ఇష్టమే, అందులో మంచు ప్రాంతం మ్యాప్‌లో ఒక ముక్క. ఇష్టముంటే వెళ్తాం, లేకపోతే లేదు. డేజెడ్‌కి 2024 అక్టోబర్‌లో ఫ్రాస్ట్‌లైన్ పేరుతో సఖాల్ అనే మ్యాప్ వచ్చింది, అది మొత్తం చలే, మొదటి నిమిషం నుంచి పళ్లు కటకటలాడాల్సిందే. రెండూ బాగున్నాయి. కానీ జాంబాయిడ్‌లో మంచు దగ్గరికి మనం వెళ్లం, అదే మన దగ్గరికి వస్తుంది. జూలైలో టీషర్టు వేసుకుని లూట్ చేస్తున్నప్పుడు బీరువాలో కనిపించిన లాంగ్ జాన్స్‌ని (చలికి ప్యాంటు లోపల వేసుకునే పొడుగు లోదుస్తులని) 'ఇదెందుకు, బరువు దండగ' అని వదిలేస్తాం చూడండి, ఆ బీరువా ఏ ఇంట్లో ఉందో నవంబర్‌లో గుర్తు చేసుకుంటూ చచ్చినట్టు వెనక్కి వెళ్తాం. వెళ్లేసరికి ఆ వీధి నిండా జాంబీలు ఉంటాయి. ఇలా రెండుసార్లు జరిగాక ఆగస్టులో కూడా ప్రతి బీరువాకీ సలాం కొట్టడం అలవాటైంది.

ఆకులు రంగు మారడంతో మొదలవుతుంది. చెట్లు ఎర్రబడతాయి, రాలతాయి, పగలు తగ్గిపోతుంది. నాకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఈ పగలు తగ్గడమే. వేసవిలో పొద్దున్నే బయల్దేరి ఊరంతా తిరిగి తీరిగ్గా ఇంటికొచ్చే టైమ్‌టేబుల్ అలవాటైన మనిషికి, డిసెంబర్‌లో సగం దారిలోనే చీకటి పడితే ఎలా ఉంటుందో ఆడినవాళ్లకే తెలుసు.

బట్టల లెక్క ఇలా ఉంటుంది. ప్రతి బట్టకీ వెచ్చదనం, గాలిని ఆపే గుణం, నీటిని ఆపే గుణం విడివిడిగా ఉంటాయి. ఉష్ణోగ్రత చూపించే ట్యాబ్ తెరిస్తే ఒంట్లో ఏ భాగం ఎంత చల్లబడిందో బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. జాంబీ గోళ్లకి జాకెట్ చిరిగితే ఆ చిరుగుల వల్ల వెచ్చదనం కూడా తగ్గుతుంది, కాబట్టి వేసవిలో ఎవరూ పట్టించుకోని కుట్టుపని చలికాలంలో ప్రాణాధారం. లావుపాటి బట్టలేసి పరిగెత్తితే చెమట, చెమటతో తడి, తడితో చలి, చలితో జలుబు. జలుబు చేస్తే తుమ్ములు, ఆ తుమ్ము చప్పుడుకి జాంబీలు. చేతిలో టిష్యూ పెట్టుకుంటే తుమ్ము చప్పుడు తగ్గుతుందని తెలుసుకున్న రోజు నేను ఊళ్లోని బాత్రూములన్నీ దోచాను. తుమ్మితే ఊడే ముక్కులాంటి బేస్ (స్థావరం) పెట్టుకున్నవాడికి టాయిలెట్ పేపరే బంగారం.

ఒక సలహా, నా చావు ఖరీదుతో కొన్నది. మంచులో పని చేసేటప్పుడు ఒక పొర తీసి పక్కన పెట్టుకోండి. పనయ్యాక తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ వేసుకోండి. ఇంతే. ఈ చిన్న పని మనం నిజజీవితంలో ఆలోచించకుండా చేస్తాం, ఆటలో మాత్రం నాకు ఒక ప్రాణం ఖర్చయింది.

ఇక వేడి. కరెంటు ఉన్నన్నాళ్లూ ఇళ్లు వెచ్చగానే ఉంటాయి, కానీ మామూలు సెట్టింగ్‌లో మొదటి నెలలోపే కరెంటు, నీళ్లు రెండూ పోతాయి. చలికాలం వచ్చేసరికి మీకు జనరేటర్ కావాలి, దాన్ని ఎలా వాడాలో నేర్పే పుస్తకం దొరకాలి, పెట్రోల్ కావాలి. కరెంటు పోయాక బంకు నుంచి పెట్రోల్ తోడాలంటే అక్కడ కూడా ఒక జనరేటర్ పెట్టాలి. దాని మోతకి జాంబీలు వస్తాయి. మోత భరించలేక దాన్ని ఇంట్లోకి తెచ్చి పెట్టారా, పొగకి మీరే పోతారు. అందుకే నేను జనరేటర్‌ని నమ్ముకోను, కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు వెతుక్కుంటాను, లేదా చలిమంట వేసుకుంటాను. పొయ్యిలో కట్టెలే అక్కర్లేదు, పుస్తకాలు, పాత బట్టలు కూడా వేయొచ్చు. వడ్రంగం పుస్తకాలు ఐదు భాగాలూ చదివేసి ఒక్కోటీ మంటలో వేస్తూ చలికాచుకున్న రాత్రి నా ఆటలో బాగా ఇష్టమైన రాత్రుల్లో ఒకటి. కారు హీటర్ కూడా పనిచేస్తుంది, మరీ గతిలేనప్పుడు కారులో కూర్చుని ఒళ్లు వెచ్చబెట్టుకున్న సందర్భాలున్నాయి.

మంచు తుఫాను గురించి ఎంత చెప్పినా తక్కువే. తెర మొత్తం తెల్లగా అయిపోతుంది, గాలి హోరు తప్ప ఇంకేం వినిపించదు, పక్కనే ఉన్న కంచె కనపడదు. జాంబీ మూడడుగుల దూరంలోకి వచ్చాక గానీ తెలియదు. ఇంకో చిత్రం గమనించారా, ఆటలో జనం చచ్చింది జూలైలో కదా, జాంబీల్లో చాలామంది ఒంటిమీద టీషర్టులు, నిక్కర్లే ఉంటాయి. మంచులో పొట్టి చేతుల చొక్కాతో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చే ఆ శాల్తీని చూస్తే వేసవిలో రాని భయం వస్తుంది. వాటికి చలి లేదు, మనకే.

ఒకసారి ఊరికే కుతూహలం కొద్దీ, నిజంగా ఆ ఏడాది కెంటకీలో చలికాలం ఎలా ఉందా అని వెతికాను. వెతికాక కాసేపు నోటమాట రాలేదు. 1994 జనవరి 17న లూయివిల్‌లో దాదాపు 40 సెంటీమీటర్ల మంచు పడింది, ఆ ఊరికి అది రికార్డు. రెండు రోజుల తర్వాత, 19న, అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకి పడిపోయింది, అదీ రికార్డే. అదే రోజు దగ్గర్లోని షెల్బీవిల్‌లో మైనస్ 38, రాష్ట్రం మొత్తానికి రికార్డు. హైవేలు మూసేశారు. అంటే ఆట మొదలయ్యే జూలై తర్వాత వచ్చే మొట్టమొదటి చలికాలమే ఆ ప్రాంతం చరిత్రలో అతి క్రూరమైన చలికాలాల్లో ఒకటి! ఆట మాత్రం తన వాతావరణాన్ని ప్రతిసారీ కొత్తగా తయారు చేసుకుంటుంది కాబట్టి ఆ తేదీకి ఆ తుఫాను రాదు. నేను శాండ్‌బాక్స్‌లో, అంటే ఆట నియమాలు మనమే మార్చుకునే పద్ధతిలో, ఉష్ణోగ్రతని అతి చల్లగా పెట్టి, జనవరిలో మొదలుపెట్టి, లూయివిల్‌లో దిగాను. నాలుగో రోజుకి చచ్చాను. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆరు. నాకు తెలిసి ఈ ఆటని ఇంతకంటే బాగా ఆడే పద్ధతి లేదు, చావడానికి సిద్ధపడితే.

మామూలు సెట్టింగ్‌లో మాత్రం, నిజం చెప్పాలంటే, చలికాలం కొంచెం మెతకే. డిసెంబర్ దాకా బతికినవాడి దగ్గర అప్పటికే అన్నీ ఉంటాయి. మంచి జాకెట్ ఒకటి దొరికితే సగం చలి పోయినట్టే. కాబట్టి మొదటిసారి అయితే అక్టోబర్‌లో మొదలుపెట్టమంటాను. సర్దుకోవడానికి కొద్దిగా టైమ్ ఉంటుంది, ధీమా పెంచుకునేంత ఉండదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. మంచు నేలమీద దుప్పటిలా పరుచుకుంటుంది గానీ లోతు పెరగదు. ఎన్ని రోజులు కురిసినా తలుపుకి అడ్డంగా పేరుకుపోదు, పారతో తోడాల్సిన పని రాదు. అడుగుజాడలు పడవు. ఇది నాకు పెద్ద వెలితి, ఎందుకంటే మంచులో అడుగుజాడలుంటే ఇంటి చుట్టూ రాత్రి ఎన్ని జాంబీలు తిరిగాయో పొద్దున లేచి చూసుకోవచ్చు, మల్టీప్లేయర్‌లో అయితే నా బేస్ ఎవడు దోచాడో పట్టుకోవచ్చు. ఇంకోటి, బయట నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతే మాంసం కుళ్లిపోవడం. వరండాలో పెడితే చాలు కదా అనిపిస్తుంది ప్రతిసారీ. తిండి విషయంలో చలికి తగినంత బిగువు బిల్డ్ 41లో లేదు. అడవిలో ఏరుకునేవి తగ్గుతాయి, పళ్లు దొరకవు, చలికి ఒంట్లో క్యాలరీలు త్వరగా ఖర్చవుతాయి, అంతవరకు బాగుంది. కానీ పంటలు మాత్రం కాలంతో పెద్దగా సంబంధం లేనట్టు ఉండేవి. బిల్డ్ 42లో ఏ పంట ఏ నెలలో వేయాలన్నది లెక్కలోకి వచ్చింది, మంచు కంటే ఈ ఒక్క మార్పే చలికాలాన్ని ఎక్కువ చలికాలంలా చేసింది నాకు. సెప్టెంబర్‌లో నిల్వలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు వచ్చే టెన్షన్ ముందు జాంబీల గుంపు ఏపాటిది.

మోడ్‌ల సంగతి, అంటే ఆటకి ఆటగాళ్లే తయారుచేసి జతచేసే మార్పుల సంగతి. వెలితి తీర్చుకుందామని ఏడాది పొడవునా మంచు కురిపించే మోడ్ ఒకటి వేసుకున్నాను, పేరెందుకులెండి. మొదటి వారం అద్భుతం. రెండో నెలకి విసుగొచ్చింది, ఎందుకంటే కరగని మంచు కొన్నాళ్లకి గోడకేసిన సున్నం లాంటిది, కంటికి ఆనదు. తీసేద్దామని ఆడుతున్న సేవ్‌లోంచి (దాచుకున్న ఆటలోంచి) తీస్తే సేవ్ తెరుచుకోలేదు. తప్పు నాదే, బ్యాకప్ పెట్టుకోలేదు. మోడ్ పెట్టేముందు సేవ్ కాపీ చేసుకోండి.

స్నేహితులతో ఆడాలనుకుంటే మీ సొంత సర్వర్ మీద ఆడండి. నేను చేరిన ఒక పబ్లిక్ సర్వర్‌లో నలుగురం కలిసి ఎండాకాలమంతా కట్టెలు పోగేశాం, పైకప్పులు వేశాం, స్వెటర్లు పంచుకున్నాం, మొదటి మంచు చూడ్డానికి శనివారం రాత్రి అందరం ఉండాలని కూడా అనుకున్నాం. శుక్రవారం అడ్మిన్ సర్వర్ రీసెట్ చేశాడు. మళ్లీ జూలై 9, టీషర్టు.

కొనాలా అంటే, మంచు కోసమే అయితే కూడా కొనండి, కానీ శాండ్‌బాక్స్ తెరిచి మీ చలికాలాన్ని మీరే బిగించుకోవాలని తెలిసి కొనండి. లాప్‌టాప్ పాతదైతే తుఫానులో కొంచెం నత్తనడక నడవొచ్చు, నాది నడిచింది, వాన, మంచు ఎఫెక్ట్‌లు ఎంత గట్టిగా కనపడాలో తగ్గించే సెట్టింగ్ ఒకటుంది, దాంతో సర్దుకుంది.

ప్రస్తుతం నడుస్తున్న సేవ్‌లో నవంబర్ 22. రోజ్‌వుడ్ బయట రెండంతస్తుల ఇల్లు, కింద కట్టెల పొయ్యి, మెట్ల కింద గోడ పొడవునా దుంగలు. స్వెటర్లు నాలుగు, ఉన్ని టోపీలు ఆరు, ఎందుకు ఆరో నాకూ తెలీదు. జనరేటర్ పుస్తకం మాత్రం ఇంకా దొరకలేదు. వెస్ట్ పాయింట్ పుస్తకాల షాపులో ఉండొచ్చు, రేపు పొద్దున బయల్దేరాలి. ఆకాశం ఉదయం నుంచి బూడిద రంగులో ఉంది.